గోల్ఫు మైదానము – నీటి దారి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారికి గోల్ఫు దూరపు వినోదముగా తోచవచ్చును. కాని ఆ మైదానమును రూపొందించు శిల్పి పని మన డెల్టా రైతుకు క్రొత్త కాదని మేము తలంతుము. అతడు మొదట చూచునది అందము కాదు; వాన వెలిసిన పిదప నీరు ఎటు పోవునన్నదే.

స్కాట్లండులో తొలి మైదానములు పెక్కు సముద్రపుటొడ్డు ఇసుక నేలలు. ఇసుక నీటిని వెంటనే దిగనిచ్చును. అచ్చటి సెయింట్ ఆండ్రూసులో 1764లో 22 గుంటలను 18కి తగ్గించిరి. తరువాత లోకమంతట అదే లెక్క నిలిచినది.

బాపట్ల తీరపు ఇసుక అట్టిదే. తెనాలి నల్లమట్టి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. అట్టి నేలలో శిల్పి, గుంట చుట్టు నుండు నున్నని పచ్చిక క్రింద మురుగు గొట్టములు వేయించి, 4 అంగుళముల కంకర, దానిపై 12 అంగుళముల ఇసుక మిశ్రమము పరపించును. ఈ పద్ధతిని అమెరికా గోల్ఫు సంఘము 1960లో ప్రకటించినది. హైదరాబాదు బౌల్డర్ హిల్స్ మైదానమును రూపొందించిన పీటర్ హారడైన్‌కు ఎదురైనది బండరాళ్ల నేల. నేలను బట్టి ఉపాయము మారును.

18 గుంటలకు నూరెకరముల కన్న మించిన నేల సామాన్యముగా కావలెను. మాగాణిలో అంత నేలను ఆటకు విడువుమని మేము చెప్పము. రేపల్లె పల్లములలో చేలు పూడ్చి ఇండ్ల స్థలములు చేయువారు మాత్రము ఈ శిల్పి పాఠము నేర్వవలెను. మురుగుకాలువ మూసిన, మునుగునది పొరుగువాని చేను.