రెండు చూపుల యద్దములు

క్రొత్త కంటిజోడుతో దిగుడుబావి మెట్లు దిగబోయి మా మేనమామ పడెను. కాళ్లదే తప్పనుకొనెను, కాదు.

నలువదియేండ్లు దాటిన పిదప కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి యక్షరములు మసకబారును. ఇదియే చత్వారము. దూరమునకొకటి, చదువునకొకటిగా జోళ్లు మార్చలేక విసిగిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఒకే చట్రమున పైన దూరపుటద్దమును, క్రింద దగ్గరి యద్దమును సగముసగముగా నమర్పించుకొనెను; 1785 నాటి లేఖలో ఆ సంగతి వ్రాసినాడు. 1959లో ఫ్రాన్సున మేతెనాజ్, గీత కనపడక క్రమముగా శక్తి మారెడి యద్దమును వెలువరించెను. దాని ప్రక్కలు మాత్రము మసక.

చిక్కెక్కడ? క్రిందియద్దము మూరెడు దూరమునకే తగినది. పాదము మూడుమూరలకు పైగా దూరము. కన్నులు మాత్రమే దించినచో కడపబండ మెట్టు అలుకుకొనిపోయి, చోటు తప్పి కనపడును. గడ్డము రొమ్మున కానించి, పైయద్దమునుండి చూచి యడుగు వేయవలెను. మా మామ ఇప్పుడు బావికి పోవునపుడు దూరపుజోడే తగిలించుకొనును.