తుంటిలో లోహం, గుండెకి ముప్పు: ఆ స్టిక్కర్ మీ ఇంట్లో ఉందా?

మాదాపూర్‌లోని మా చిన్న రూమ్ నుంచే ఈ ఎపిసోడ్ కూడా. ఈరోజు ప్రశ్న ఏంటంటే, తుంటి ఆపరేషన్‌కీ గుండెకీ సంబంధం ఉంటుందా?

నాకు ఈ డౌట్ మా పెద్దమ్మ వల్ల వచ్చింది. ఆమెకి 2009లో తుంటి కీలు మార్చారు. ఈమధ్య ఒక అంతస్తు మెట్లెక్కితే చాలు, ఆయాసం. "వయసైపోయింది కదరా" అనేది. గుండె డాక్టర్‌కి చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట: "తుంటిలో వేసింది ఏ ఇంప్లాంట్? బంతి, గిన్నె రెండూ లోహమేనా?" ఇంట్లో ఒక్కరికీ తెలీదు!

సింపుల్‌గా చెప్తాను. తుంటి కీలు అంటే గిన్నెలో తిరిగే బంతి. కొన్ని ఇంప్లాంట్లలో ఆ రెండూ కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహంతో చేసేవాళ్లు. తక్కువ అరుగుతుంది, వయసులో ఉన్నవాళ్లకి మంచిది అనుకున్నారు. కానీ నడిచినప్పుడల్లా రెండూ రాసుకుని సన్నటి లోహపు పొడి రాలుతుంది. అందులోని కోబాల్ట్ రక్తంలో కలుస్తుంది. అది మరీ ఎక్కువైతే గుండె కండరంలో శక్తి తయారీకి అడ్డం పడుతుంది, కండరం నీరసిస్తుంది.

ఇది గాలి మాట కాదండి. 1960లలో కెనడాలోని క్యూబెక్‌లో బీరు నురగ నిలవడానికి కోబాల్ట్ కలిపారు. అది బాగా తాగినవాళ్లలో కొందరు గుండె దెబ్బతిని చనిపోయారు. 2012లో జర్మనీలోని మార్‌బర్గ్‌కి ఒక 55 ఏళ్ల పేషెంట్ వచ్చాడు. గుండె బలహీనం, చెవుడు, చూపు తగ్గడం, థైరాయిడ్ సమస్య. కారణం తుంటిలోని లోహం. ఆ భాగం మార్చాక గుండె కొంత కోలుకుంది.

మన దేశం సంగతికి వద్దాం. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డీప్యూ ఏఎస్ఆర్ అనే లోహపు తుంటిని 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ దాదాపు 4,700 ఆపరేషన్లలో అది వాడారు. 2017లో కేంద్రం కమిటీ వేసి చూస్తే, కంపెనీ హెల్ప్‌లైన్‌లో నమోదైనవాళ్లు వెయ్యి పైచిలుకే. మిగతావాళ్ల ఆచూకీ లేదు! 2018లో 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల వరకు పరిహారం లెక్క ఖరారు చేశారు. కానీ తన ఒంట్లో ఏముందో తెలియనివాళ్లు ఏమని అడుగుతారు?

భయపడకండి. ఇప్పుడు వేసేవాటిలో ఎక్కువ శాతం ప్లాస్టిక్ గిన్నెతో గానీ, సిరామిక్‌తో గానీ ఉంటాయి. లోహపు తుంటి ఉన్న అందరికీ గుండె జబ్బు రాదు, అది అరుదు. కానీ ఆయాసం, కాళ్ల వాపు, చెవిలో హోరు, చూపు మసకబారడం, తుంటి దగ్గర నొప్పి కనిపిస్తే "తుంటి మార్పించుకున్నాం" అని గుండె డాక్టర్‌కి చెప్పండి. కావాలంటే ఆయనే రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష, ఎకో రాస్తారు. బ్రిటన్ నియంత్రణ సంస్థ లీటరు రక్తానికి 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తగా గమనించాలంటుంది. మీకు మీరే ఏదీ తేల్చుకోవద్దు.

మేం రెండు రోజులు బీరువా గాలించాం. పాత ఫైల్‌లో ఆపరేషన్ నోట్స్ వెనక స్టిక్కర్ దొరికింది: కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబర్. డాక్టర్ చూసి "గిన్నె ప్లాస్టిక్‌దమ్మా, లోహం గొడవ లేదు" అన్నారు. ఆయాసానికి కారణం రక్తహీనత. మందులతో తగ్గింది. ఆ స్టిక్కర్ లేకపోతే ఎన్ని పరీక్షలు, ఎంత టెన్షన్!

అందుకే ఒక్క పని చేయండి. అమ్మమ్మో, మామయ్యో, ఏవీఎన్ వచ్చి మీకే ఆపరేషన్ అయిందో, ఈరోజే ఆ స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడగండి. ఎన్నేళ్లు ఆలస్యమైతే ఆ కాగితం దొరకడం అంత కష్టం. ఉంటానండి, మళ్లీ కలుద్దాం.