ద్రాక్ష దొరకని చోట, చెట్టు చాలని చోట

ఈతచెట్టుకు సాయంత్రం కట్టిన లొట్టిలో ఎవరూ ఏమీ వెయ్యరు. చక్కెర పొయ్యరు, ఈస్టు కలపరు, నిమ్మకాయ పిండరు. గీత కార్మికుడు మోకు నడుముకు బిగించి ఎక్కుతాడు, చెట్టు మెడ దగ్గర గీతకత్తితో పలచగా చెక్కుతాడు, చుక్క సరిగ్గా లొట్టిలో పడుతోందో లేదో చూసుకుని దిగుతాడు. తెల్లారి దించేసరికి అందులో నురగ కక్కుతూ కల్లు ఉంటుంది. ద్రాక్షతోటల దేశాల్లో వైన్ అయ్యే తీరు కూడా ఇదే. తీపి రసంలో ఈస్టు చేరుతుంది, ఆ తీపిని తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. లొట్టి విషయంలో ఆ ఈస్టును ఎవరూ కొనితేనక్కర్లేదు. నిన్నటి కల్లు తడి లొట్టి గోడకు పట్టే ఉంటుంది, గాలిలోనూ, రసం మీద ముసిరే ఈగల కాళ్లకూ ఉంటుంది.

ఇంట్లో వైన్ చెయ్యాలని పుస్తకం తెరిచినవాళ్లకు మాత్రం పెద్ద పట్టీయే కనిపిస్తుంది. వైన్ ద్రాక్ష, టార్టారిక్ ఆమ్లం, టానిన్ పొడి, ఈస్టుకు పోషకం, వైన్ ఈస్టు అని రాసి ఉంటుంది. మిర్యాలగూడ కిరాణా కొట్టులోనో, నారాయణపేట సంతలోనో వీటిని అడిగితే కొట్టు యజమాని తెల్లముఖం వేస్తాడు. అయితే ఆ పట్టీలోని ప్రతి సరుకూ ఏదో ఒక పని కోసమే ఉంటుంది. ఆ పనేమిటో తెలిస్తే దాన్ని చేసిపెట్టే సరుకు నల్లగొండ, పాలమూరు పల్లెల్లోనే చాలావరకు దొరుకుతుంది.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా ఆల్కహాలున్న పానీయం ఏది తయారుచేసినా నేరమే. వైన్, కల్లు రెండూ అందులోకే వస్తాయి. సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కు ద్రాక్ష వైన్ పెట్టడం పాత ఆనవాయితీయే అయినా, చట్టంలో దానికంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. కేరళలోనూ ఇదే మాట 2019 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, పెద్ద చర్చయింది. ఆ తర్వాత 2022లో అక్కడి ప్రభుత్వం పళ్లతో, ఇతర పంటలతో చిన్న స్థాయిలో వైన్ చేసుకునేవాళ్లకు లైసెన్సు ఇచ్చేలా నిబంధనలు తెచ్చింది. జీడిమామిడి పండు, పనస, అరటి వంటి వాటికి దారి చూపించడం వాటి ఉద్దేశం. ద్రాక్ష కాని పండుతో వైన్ అన్నది అక్కడ ఇప్పుడు వ్యవసాయ విషయం కూడా.

వైన్‌కు కావాల్సినవి స్థూలంగా నాలుగు: తీపి, పులుపు, వగరు, ఈస్టు. ద్రాక్ష వేల ఏళ్లుగా రాజ్యమేలుతున్నది ఈ నాలుగూ ఒకే పండులో కుదిరాయి కాబట్టే. రసంలో తీపి, దాంతోపాటే టార్టారిక్ ఆమ్లం, తొక్కలో గింజలో వగరు, తోటలోనూ గానుగలోనూ ఈస్టు. మిగతా ఏ పండును తీసుకున్నా వీటిలో ఒకటో రెండో తక్కువ పడతాయి. వైన్ చేసేవాడి పనంతా ఆ తక్కువను పూడ్చడమే.

నల్లగొండ అంటే బత్తాయి. రాష్ట్రంలో బత్తాయి సాగుకు పేరుపడ్డ జిల్లా ఇది. తోటల్లో ఎక్కువగా కనిపించేది సాత్‌గుడి రకం. రసం దండిగా వస్తుంది, కానీ తీపి చాలదు. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు 1 శాతం ఆల్కహాలు వస్తుందన్నది వైన్ చేసేవాళ్ల మోటు లెక్క. బత్తాయి రసంలో ఉండే చక్కెర లీటరుకు వంద గ్రాముల లోపే, కాబట్టి దానంతట అది పులిస్తే ఐదారు శాతం దగ్గరే ఆగిపోతుంది. అంత పలచటి వైన్ నిల్వ ఉండదు, త్వరగా పులిసి వెనిగర్ దారి పడుతుంది. పది, పదకొండు శాతానికి చేరాలంటే లీటరుకు ఇంకో వంద గ్రాముల దాకా చక్కెర బయటినుంచి పడాల్సిందే.

చక్కెర బదులు బెల్లం వేస్తే? పులుస్తుంది, సందేహం లేదు. కానీ బెల్లం తన రంగు, తన వాసన వెంట తెచ్చుకుంటుంది. చివరికి సీసాలో బత్తాయి మాయమై బెల్లం మిగులుతుంది. పైగా బెల్లం తెల్లగా, పసుపుగా మెరవాలని వండేటప్పుడు హైడ్రోస్ అనే గంధకపు మందు కలపడం ఉంది. గంధకం ఈస్టుకు గిట్టదు. నల్లబెల్లం కథ వేరు. గుడుంబా (నాటుసారా) బట్టీలకు నల్లబెల్లం, పటిక వెళ్తాయని ఎక్సైజ్ వాళ్లు వాటి అమ్మకాల మీద కన్నేసి ఉంచుతారు. బస్తాలకొద్దీ కొంటే ఎందుకని అడగడం ఖాయం.

బత్తాయికి ఇంకో పేచీ ఉంది. అప్పుడే పిండిన రసం తియ్యగా ఉంటుంది, గ్లాసులో పెట్టి మరిచిపోతే చేదెక్కుతుంది. గింజల్లో, లోపలి తెల్లపొరలో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పండు నలిగి పులుపు తగిలాక అది మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. వైన్ వారాల తరబడి ఉండేది కాబట్టి ఆ చేదుకు కావాల్సినంత సమయం దొరుకుతుంది. అందుకే తొనల పొర ఒలిచి, గింజ చితక్కుండా రసం తీసేవాళ్లకే బత్తాయి లొంగుతుంది. మిక్సీలో తిప్పి వడగట్టేవాళ్లకు లొంగదు.

పాలమూరు వైపు వెళ్తే సీతాఫలం. దేశమంతా నర్సరీలు అమ్మే 'బాలానగర్' రకానికి ఆ పేరు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ నుంచే వచ్చింది. బాగా పండిన సీతాఫలం తీపిలో ద్రాక్షకు దగ్గర దగ్గరగా ఉంటుంది, పులుపు మాత్రం దాదాపు లేదు. గుజ్జును వేడిచేస్తే చేదు తిరుగుతుంది. అందుకని జామ్ చేసినట్టు ఉడకబెట్టి వడగట్టే పద్ధతి దీనికి పనికిరాదు, పచ్చిగానే వాడాలి. అదే నేరేడయితే రంగు, వగరు పుష్కలం. టానిన్ పొడి వెతకనక్కర్లేదు. వేరే పళ్లకు వగరు కావాలంటే గ్లాసుడు చిక్కటి టీ డికాక్షన్ ఆ పని చేస్తుంది.

ఇక పులుపు. ఇక్కడే ఈ నేలకు ఒక సహజమైన వరం ఉంది. ద్రాక్షలోని ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1769లో దీన్ని విడదీసింది వైన్ పీపాల అడుగున పేరుకున్న గట్టి పొర నుంచి. ఆ ఆమ్లమే చింతపండులోనూ ఉంటుంది. అలాంటిలాంటి మోతాదులో కాదు, గుజ్జు బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి. చాలా పళ్ల పులుపు సిట్రిక్ ఆమ్లానిదో, మాలిక్ ఆమ్లానిదో అవుతుంది. ద్రాక్ష పులుపే అచ్చంగా కావాలంటే ఊరి చివరి చింతచెట్టుకు మించింది లేదు. ఒక్క జాగ్రత్త ఉంది: ఏడాది నిల్వ కోసం ఉప్పు కలిపి ముద్దలు చేసిన చింతపండు వాడకూడదు. ఉప్పు ఈస్టు పనిని మందగింపజేస్తుంది, రుచిలోనూ తెలిసిపోతుంది. కొట్టి గింజ తీసిన కొత్త చింతపండును గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తీసిన పులుసు చాలు.

పుస్తకాలు ఎండుద్రాక్ష వెయ్యమంటాయి, వైన్‌కు కాస్త చిక్కదనం రావడానికి. బజారులో దొరికే పసుపురంగు కిస్‌మిస్‌కు త్వరగా ఎండటానికి నూనె కలిపిన క్షారద్రావణం, రంగు నిలవటానికి గంధకపు పొగ పట్టిస్తారు. వేడినీళ్లలో బాగా కడిగితే గానీ దానితో పని జరగదు. నల్లమల అంచున, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఉన్నవాళ్లకు దీనికీ ప్రత్యామ్నాయం తెలుసు. ఎండబెట్టిన ఇప్పపువ్వు కిస్‌మిస్‌లాగే ముడతలు పడి, తియ్యగా, ఒకరకమైన ఘాటు వాసనతో ఉంటుంది. చెంచులకు అది తిండీ, సరుకూ. పులియబెట్టిన ఇప్పపువ్వును కాచి దించితే సారా. కాచకుండా పులియబెట్టడంతోనే ఆగితే అది వైన్ కుటుంబంలోదే.

ఈస్టు మాటకొస్తే, కిరాణా కొట్టులో దొరికే బేకరీ ఈస్టు, వైన్ ఈస్టు రెండూ ఒకే జాతివి. తేడా ఓర్పులో ఉంది. వైన్ ఈస్టు ఆల్కహాలు 14 శాతం దాటినా తట్టుకుని పనిచేస్తుంది, బేకరీ ఈస్టు అంతకు చాలా ముందే సొమ్మసిల్లుతుంది, వైన్‌కు రొట్టె వాసన కూడా అంటిస్తుంది. ఈస్టు పొట్లం అసలు దొరకని రోజుల్లో ఏం చేశారన్నదానికి గోవా జవాబు చెబుతుంది. పోర్చుగీసువాళ్లు అక్కడ తమ రొట్టె చేసుకోవాలనుకుంటే పిండి పొంగించే ఈస్టు లేదు, కొబ్బరికల్లు ఉంది. కల్లు పోసి పిండి పులియబెట్టారు, గోవా పావ్ అలా పుట్టింది. కేరళ అప్పం పిండి కూడా పాత పద్ధతిలో కల్లుతోనే పొంగుతుంది.

ఇంతవరకూ చెప్పిన మార్పిడులన్నిటికీ లెక్క ఒకటే. లేని సరుకు ఏ పని చేస్తుందో, తెచ్చిన సరుకు కూడా అదే పని చెయ్యాలి. తెలంగాణలో ఈ లెక్క ఘోరంగా తప్పింది ఇంటి వైన్‌లో కాదు, కల్లులో.

కల్లుకు ఒకే ఒక్క సరుకు కావాలి, చెట్టు. అది తగ్గింది. తాటిచెట్లు ఇటుకబట్టీలకు పోయాయి, ఈతవనాలు ప్లాట్లయ్యాయి, రోడ్ల వెడల్పులో కొన్ని నేలకూలాయి. చెట్టు ఎక్కి పడి చనిపోయినవాళ్లను, నడుములు విరిగి మంచానపడ్డవాళ్లను చూసి పిల్లలు ఆ పని వద్దన్నారు. కల్లు దుకాణాలు, కాంపౌండ్లు మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉండాలి. హైదరాబాద్‌లో 2004లో మూసేసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకోవడంతో గిరాకీ ఇంకా పెరిగింది. చెట్టు ఇవ్వలేనిది డ్రమ్ములో తయారైంది. నీళ్లకు తీపి కోసం శాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్. పల్లెల్లో దీన్ని మందుకల్లు అంటారు.

క్లోరల్ హైడ్రేట్ 1869లో జర్మనీలో నిద్రమందుగా వాడకంలోకి వచ్చిన రసాయనం. ఆల్ప్రజోలామ్ 1981లో అమెరికాలో ఆందోళన తగ్గించే మాత్రగా అనుమతి పొందింది. ఈ రెండూ కల్లులో ఈతరసం చేసే పనేదీ చెయ్యవు. పులియవు, పులిసే దానికి సాయపడవు. తాగినవాడికి కలిగే దిమ్మును మాత్రం అనుకరిస్తాయి. రోజూ తాగేవాడికి తాను అలవాటుపడింది కల్లుకు కాదని, మాత్రలకని తెలియదు. అది తెలిసేది సరఫరా ఆగినప్పుడే. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ కల్తీకల్లు మీద దాడులు పెంచగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ఆసుపత్రులు కిటకిటలాడాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకోవడం, వచ్చినవాళ్లలో కనిపించిన లక్షణాలు ఇవే. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు ఇదే దృశ్యం కనిపించింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు, ఇంకొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మందుకల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.

నాలుకతో కల్తీని పట్టుకోవచ్చన్నది భ్రమ. చెట్టుకల్లు గంటగంటకూ మారుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి పులిసి, మర్నాటికి వెనిగర్ ఘాటుకు వస్తుంది. రెండు రోజులైనా రుచి మారని కల్లును అనుమానించాల్సిందే. కానీ పులిసినంత మాత్రాన మంచిదని కాదు, అసలు కల్లులోనే మాత్రలు కలిపితే అదీ పులుస్తుంది. తేల్చాల్సింది ప్రయోగశాల. కొనేవాడి చేతిలో ఉన్నది ఒక్కటే, కళ్లముందు లొట్టి దించే మండువ దగ్గర తాగడం.

చెట్టు ఎవరిదన్న ప్రశ్న ఈ జిల్లాల్లో రాజకీయం కూడా. ఆబ్కారీ కాంట్రాక్టర్లు చెట్లను వేలంలో పాడుకుని గీసేవాళ్లను కూలీలుగా పెట్టుకున్న కాలంలో 'గీసేవాడికే చెట్టు' అన్న నినాదం పుట్టింది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం (1922–2011) గీత కార్మికులను సంఘంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు. 480 మంది అభ్యర్థులు బరిలో దిగి దేశాన్ని ఆశ్చర్యపరచిన 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నికలో గెలిచింది ఆయనే. తర్వాతి కాలంలో సహకార సంఘాలకు, విడిగా గీత కార్మికులకు చెట్లు కేటాయించే పద్ధతి స్థిరపడింది.

ప్రభుత్వం పులియని రసం వైపు కూడా ఒక దారి తీసింది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు లేవదు, రసం తియ్యగానే ఉంటుంది, అదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023 మేలో తెరుచుకుంది. నీరాకైనా, కల్లుకైనా అడుగున కావాల్సింది చెట్టే. తాటి గింజ నాటితే గీతకు రావడానికి పదిహేనేళ్లు, అంతకు పైనే పడుతుంది. ఈతకు అందులో సగం కాలం చాలు. 2015 జులైలో మొదలైన హరితహారం మొక్కల పథకంలో చెరువుకట్టల మీద, సంఘాల భూముల్లో ఈత మొక్కలు పెట్టారు. వాటిలో నిలదొక్కుకున్నవి ఇప్పుడు కత్తి పెట్టే వయసుకు వస్తున్నాయి. చెట్టు ఎక్కేవాళ్లు పడిపోకుండా 'కాటమయ్య రక్ష' పేరిట కిట్ల పంపిణీ 2024 జులైలో మొదలైంది.