నీరులేని విడిదికి నీటి యేర్పాటు

ఇశ్రాయేలీయులు ఎఱ్ఱసముద్రమును దాటి షూరు అరణ్యములో మూడు దినములు నీరు లేక నడచిరనియు, పిమ్మట మారాలో నీరు కనబడినను చేదగుటచే త్రాగలేకపోయిరనియు నిర్గమకాండమువలన మనకు తెలియుచున్నది. దారిలో నీరున్నదని వినుట వేరు. అది త్రాగదగినదై మన పాత్రలోనికి వచ్చుట వేరు. సెలవులలో బృందముగా కొండలెక్కగోరు విద్యార్థులకును, వారిని పంపు తల్లిదండ్రులకును ఈ భేదమును తెలుపుటకే మేమిది వ్రాయుచున్నాము.

నల్లమల కొండలను దృష్టాంతముగా తీసికొందము. వర్షకాలమున అచ్చటి లోయలలో వాగులు పారును. మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి వానిలో పెక్కులు ఇసుకదారులై మిగులును. కావున పటములో నీలిగీత యున్నంత మాత్రమున నీరున్నదని నమ్మరాదు. అటవీశాఖవారి అనుమతి పొందునప్పుడే ఏ చెలమ ఊరుచున్నదో, ఏ కుంట యెండినదో వారినియు, ఆ యడవిలో కాపురముండు చెంచులనును అడిగి తెలిసికొనవలెను. నిశ్చయముగా నున్న నీటినే లెక్కలో వేయవలెను.

ఇక లెక్క. 12గురు విద్యార్థులును ఇద్దరు ఉపాధ్యాయులును సాయంకాలము 4 గంటలకు చివరి వాగును విడిచి, అనుమతించిన చోట రాత్రి గడపి, మరునాడు 10 గంటలకు మరియొక నీటిని చేరుదురనుకొందము. చలికాలమున ఒక్కొక్కరికి సాయంకాలపు నడకకు 1 లీటరు, రాత్రికిని వేకువకును 1, ఉదయపు నడకకు 1, ముఖము కడుగుకొనుటకును కాలకృత్యములకును అర, ఆపదకై నిలువ అర. వెరసి 4 లీటర్లు. 14 మందికి 56 లీటర్లు. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును గనుక 56 కిలోల మోత. ఎండకాలమున ఇదియు చాలదు; అప్పుడు నీరులేని విడిదిని మానుటయే మేలు.

మోత పెరుగకుండుటకు వంటను చివరి నీటియొద్దనో, ఊరిలోనో ముగింపవలెను. కడుపునిండ తిని, నీరు త్రాగి, రాత్రికి పులిహోర మూటగట్టుకొని బయలుదేరవలెను. విస్తరాకులలో తిన్నచో పాత్రలు తోమ పనిలేదు. ఎండుచేపలు, ఊరగాయలు దాహమును పెంచును.

వాగునీటిని గుడ్డతో వడకట్టినచో బురద పోవును గాని రోగక్రిములన్నియు పోవు. పొంగునట్లు ఒక నిమిషము కాచి చల్లార్చవలెను. నిప్పునకు అనుమతి లేనిచోట క్లోరిను బిళ్లలు వేసి, వాని పెట్టెపై చెప్పినంతకాలము ఆగవలెను. నీటినంతయు ఒకే డబ్బాలో నుంచరాదు. అది పగిలినచో అందరికిని దప్పియే. మరచెంబులలోను సీసాలలోను పంచి, చిన్నవారి భాగములో కొంత పెద్దవారు మోయవలెను. నిలువయైన 7 లీటర్లు ఉపాధ్యాయుల యధీనమున నుండవలెను.

కొందరు దాహమణచుకొనుట వీరత్వమని తలతురు. సీసాలోని నీరు దేహమును కాపాడదు. త్రాగిన నీరే కాపాడును. తలనొప్పి, తల తిరుగుట, మూత్రము ముదురు పసుపగుట దేహములో నీరు తగ్గిన గుర్తులు. అట్టివానిని నీడలో కూర్చుండబెట్టి, లీటరు మంచినీటిలో 6 చిన్నచెంచాల పంచదారయు అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. తన సీసా ఖాళీయైనదని చెప్పుటకు సిగ్గుపడు చిన్నవాడు ప్రతిబృందములోను ఒకడుండును. కావున నాయకుడు గంటకొకసారి అందరి సీసాలను చూడవలెను.

చేరబోవు నీటిపై సందేహము కలిగినచో, వెనుకటి వాగును చేరుటకు చాలినంత నీరుండగనే మరలవలెను. ఇట్లు మరలుట పరాజయము కాదు. తల్లిదండ్రులు తమ బిడ్డలను పంపుటకు ముందు ఈ లెక్కను చూపుమని యడుగుటకు సంకోచింపవలదు; ఉపాధ్యాయులును అందులకు నొచ్చుకొనవలదు.