ఇంట్లో లినక్స్ సర్వర్: సూరత్‌లో రెండో ప్రతి ఊరు దాటాల్సిందే

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి, సూరత్ నగరంలో అధిక భాగం జలమయమైంది. ఆనాడు బీరువాల్లో దాచుకున్న కాగితాలు నేడు హార్డ్ డిస్క్‌లలోకి చేరాయి. అయితే నేల అంతస్తులోని డిస్క్‌ను కూడా నీరు విడిచిపెట్టదు.

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి తరలివెళ్లి లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడుపుతోంది. సొంతూరి భూమి పత్రాలు, పిల్లల ధ్రువపత్రాలు, పెళ్లి వీడియోలు, జకార్డ్ మగ్గాల డిజైన్ ఫైళ్లు ఒకే ఫోనులో ఉన్న ఇళ్లకు ఇంటి సర్వర్ ఉపకరిస్తుంది.

ఇందుకు కొత్త యంత్రం అక్కరలేదు. మూలన పడిన 64 బిట్ల డెస్క్‌టాప్ సరిపోతుంది. 1993లో మొదలై, స్వచ్ఛంద కార్యకర్తల కృషితో కొనసాగుతున్న డెబియన్ లినక్స్ ఉచితంగా లభిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కిస్తే డిస్క్‌లోని పాత సమాచారం చెరిగిపోవచ్చు కనుక, ముందే మరోచోట భద్రపరచుకోవాలి. డెస్క్‌టాప్ తెరను వదిలి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను ఎంచుకుంటే యంత్రంపై భారం తగ్గుతుంది. రౌటర్‌లో దానికి మారని చిరునామా కేటాయించాలి. తర్వాత సాంబాను అమర్చితే, ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ సర్వర్ ఒక ఫోల్డర్‌లా అందుబాటులోకి వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఫైళ్లు చెడకుండా చిన్న యూపీఎస్ తప్పనిసరి.

ఊరి నుంచి కూడా ఫైళ్లు చూడాలన్న తొందరలో రౌటర్ తలుపులు ఇంటర్నెట్‌కు బార్లా తెరవడం ప్రమాదకరం. వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గమే శ్రేయస్కరం.

ఒకే యంత్రంలో జంట డిస్క్‌లు పెట్టి, ఇక భయం లేదనుకునేవారు కొందరు. ఒక డిస్క్ పాడైతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. పొరపాటున చెరిపిన ఫైలు మాత్రం రెండింటిలోనూ మాయమవుతుంది. వరద వస్తే రెండూ మునుగుతాయి. అందుకే ఆర్‌సింక్‌తో విడి డిస్క్‌లోకి ప్రతి తీసి, సంకేతపదంతో తాళం వేసి, దసరాకు వెళ్లేటప్పుడు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో బంధువుల ఇంట ఉంచడం మేలు. అప్పగించే ముందు అందులోంచి రెండు మూడు ఫైళ్లను తెరిచి చూడాలి. నిరుడు అక్కడ ఉంచిన డిస్క్ తిరుగు ప్రయాణంలో సూరత్‌కు వస్తుంది, కొత్త ప్రతి కోసం.