శివారు కాపురము: మేలు కీడులు

విశాఖపట్టణమున నలుగురు స్త్రీలు కూడిన చోట నేడు తప్పక వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "మీరును అటే పోవుచున్నారా?" అటు అనగా గాజువాక, కూర్మన్నపాలెము, అగనంపూడి, లేదా పెందుర్తి, వేపగుంట, లేదా మధురవాడ. ఊరి నడుమ అద్దెలు పెరిగినవి. పిల్లలు ఎదిగినారు. రెండు గదుల యింటిలో అత్తగారికి మంచము వేయుటకు చోటు చాలదు. ఇంటాయనకు ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి వచ్చినది; కాని యది జన్మమున కొక్కమారు వచ్చునట్టిది. దానిని ఎచట పాతవలెనో యనునదే విచారము.

ఇట్టి విచారమునందు పురుషులు గజము ధరను, బస్సు దూరమును లెక్కించుదురు. అవి లెక్కింపవలసినవే. అయినను వైశాఖ మాసమున మధ్యాహ్నము రెండు గంటలకు ఆ యింటిలో నుండునది ఇల్లాలు. కొళాయి రాని దినమున బిందె పట్టుకొని నిలుచునదియు నామెయే. కావున ఈ విషయమును ఇల్లాలి కన్నులతో చూచుట మేలని మేము తలచితిమి.

ముందుగా ఈ శివారులు ఎట్లు పుట్టినవో తెలిసికొందము. 1933లో ఓడరేవు తెరవబడినది. 1941లో ఓడల నిర్మాణశాలకు పునాది పడినది. 1948లో అచట కట్టిన 'జలఉష' అను నౌకను జవహర్‌లాల్ నెహ్రూ గారు నీటిలోనికి విడిచిరి. 1957లో చమురు శుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము వచ్చినవి. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశమంతయు ఉద్యమించినది, ప్రాణములర్పించినవారును కలరు. 1970 ఏప్రిల్ 17వ తేదీన ఇందిరాగాంధి గారు పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారమును ప్రకటించిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావు గారు దానిని జాతి కంకితము చేసిరి. ఆ కర్మాగారము కొరకు 60కి పైగా గ్రామముల వారు తమ పొలములను, ఇండ్లను విడిచిరి. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ ప్రాంతములలో వారికి క్రొత్త కాలనీలు వేసిరి. 2005లో గాజువాక మున్సిపాలిటీ మహా విశాఖ నగర పాలక సంస్థలో కలిసినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దొకటున్నది. మన శివారులు గాలి వెలుతురుల కొరకై యేరి కట్టుకొన్న వాడలు కావు. పని యెక్కడనో మనుష్యుల నక్కడకు చేర్చుటకు పుట్టినవి. అందువలన ఒక వాడకును మరియొక వాడకును మిక్కిలి భేదమున్నది. శివారు మంచిదని గాని చెడ్డదని గాని ఒక్కమాటలో చెప్పుట కుదరదు.

మొదట మేలు చెప్పుదము. శివారున స్థలము దొరకును. నడవ, పెరడు, తులసికోట, బట్టలారవేయు తావు, ముసలివారికి వేరుగది, పిల్లలు ఆడుకొను వాకిలి, ఇవి పట్టణము నడుమ అపార్టుమెంటులలో కోరినను రావు. కర్మాగారములలో షిఫ్టు పని చేయువారికి ఇల్లు దగ్గరైనచో నిద్ర దక్కును. అర్ధరాత్రి షిఫ్టు ముగించి వచ్చు భర్త కొరకు మేలుకొని కూర్చుండు భార్యకును కొంత నెమ్మది. శ్రీకాకుళము, విజయనగరము, గోదావరి జిల్లాలనుండి, ఒడిశా, బెంగాలు దేశములనుండి వచ్చిన కుటుంబములు పక్కపక్కన నుండుటచే పండుగలు, పిండివంటలు కలిసి వచ్చును. ఉక్కునగరమును చూచినవారికి చెట్టు నాటినచో ఎండ యెంత తగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నగరమున లక్షల కొలది మొక్కలు నాటి పెంచిరి.

ఇక ఎండ మాట. విశాఖ సముద్రతీరమున నున్నది గదా, ఎండ యేమి చేయునని కొందరందురు. తీరమునకు మేలు చేయునది సముద్రపుగాలి. పగలు భూమి త్వరగా వేడెక్కును, సముద్రము మెల్లగా వేడెక్కును. అందుచే మధ్యాహ్నమునకు సముద్రమునుండి చల్లని గాలి భూమిపైకి వీచును. ఆ గాలికి కొండ యడ్డమైనను, దూరము మించినను దాని చలువ తగ్గిపోవును. సముద్రపుగాలి నిలిచిపోయి పడమటినుండి వడగాలి కొట్టు దినములలో శివారు మరింత కాగును.

ఎడారి యెండకును మన యెండకును భేదమున్నది. ఎడారిలో గాలి పొడిగా నుండును. చెమట వెంటనే ఆరి ఒడలు చల్లబడును. మన తీరమున గాలిలో తేమ మెండు, చెమట ఆరదు. కావున ఇచటి 36 డిగ్రీలు ఒక్కొక్కప్పుడు పొడిదేశపు 40 డిగ్రీల కంటె ఒడలికి భారమగును. దీనికి తోడు క్రొత్త లేఅవుట్లలో తాటితోపులు, జీడితోటలు కొట్టివేసి, ఎఱ్ఱమట్టిని చదును చేసి, సిమెంటు పరచుచున్నారు. ఆ సిమెంటు పగలంతయు వేడిని త్రాగి రాత్రి కక్కును. అనగా ఎడారి యొక్క వేడిమిని మనమే తెచ్చుకొని, తీరము యొక్క ఉక్కను విడువకున్నాము! 2015 మే మాసమున ఆంధ్రదేశమున వడదెబ్బచే వెయ్యిమందికి పైగా మరణించిరి. ఎండ నవ్వుటాలమాట కాదు.

ఎండ వెంటనే వచ్చునది నీరు. విశాఖకు పెద్దనది లేదు. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి, రైవాడ జలాశయములును, సుమారు 150 కిలోమీటర్ల దూరమునుండి వచ్చు ఏలేరు కాలువయు ఈ నగరమునకు ఆధారములు. నగరపు కొళాయి గొట్టము చేరిన వీధి వేరు, చేరని వీధి వేరు. గొట్టము లేనిచోట బోరుబావిని, ట్యాంకరును నమ్ముకొనవలెను. ఈ కష్టము మనకే వచ్చినది కాదు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు ఎడారిలో ఫీనిక్సు నగరము చుట్టును శివారులు విరివిగా పెరిగినవి. మన తెలుగు కుటుంబములును అచట పెక్కు గలవు. 2023లో అచట వరుసగా 31 దినములు 43 డిగ్రీలు దాటి ఎండ కాసెను. ఆ యేటి జనవరి 1వ తేదీన స్కాట్స్‌డేల్ అను పురము తన హద్దుల కావలనున్న రియో వెర్డే ఫుట్‌హిల్స్ అను వాడకు ట్యాంకర్ల నీటిని నిలిపివేసినది. అందమైన యిండ్లు కట్టుకొన్నవారు పళ్లెములు కడుగుటకు నీరు వెదకుకొనవలసి వచ్చెను. ఇల్లు పురపు హద్దులోపల నున్నదా, నీరెవరి బాధ్యత యనునవి కొనుటకు ముందే అడుగవలసిన ప్రశ్నలని ఈ కథ తెలుపుచున్నది.

ఇప్పుడు గాలిని గూర్చి. ఉత్తరమున కైలాసగిరి వరుస, దక్షిణమున యారాడ కొండ, నడుమ ఓడరేవును కర్మాగారములును ఉన్న ఈ పల్లపు ప్రదేశము గిన్నె వంటిది. గిన్నెలో పొగ నిలిచినట్లు ఇచట ధూళి నిలుచును. రేవులో దించు బొగ్గు ధూళి పాతనగరపు ఇండ్లలోనికిని వచ్చును గనుక ఈ దోషము శివారుకే కట్టరాదు. కాని శివారున వేరొక భయమున్నది. 1997 సెప్టెంబరు 14వ తేదీన చమురు శుద్ధి కర్మాగారమున వంటగ్యాసు అంటుకొని సుమారు 60 మంది మరణించిరి. 2020 మే 7వ తేదీన తెల్లవారుజామున గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ అను విషవాయువు వెలువడెను. నిద్రలోనున్నవారు లేచి పరుగిడిరి. 12 మంది మృతినొందిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆ కర్మాగారము 1961లో వేరొక పేరుతో నెలకొన్నది. నగరము పెరిగినకొలది ఇండ్లు దాని గోడదాక వచ్చినవి. స్టైరీన్‌ను చల్లగా నిలువ చేయవలెను; అది వేడెక్కి ఆవిరియైనందున ఇంత ముప్పు కలిగెను. చవుక స్థలము చవుక యెందులకైనదో అడుగకుండ కొనరాదు.

న్యాయముగా చెప్పవలెనన్న, తీరముననే యుండుట క్షేమమనుటయు సరికాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరముపైననే తీరము దాటినది. సముద్రమునకు ఎదురుగా నున్న మేడల అద్దములు పగిలినవి; నగరమంతట చెట్లు కూలినవి; అనేక దినములు విద్యుత్తు లేక మేడలపైకి నీరెక్కలేదు. అప్పుడు పెరటిలో బావియున్న శివారు గృహిణి తన పొరుగువారికి కూడ నీరిచ్చినది.

స్థలపు హక్కును గూర్చి ఒకమాట. సింహాచలము చుట్టుపట్లనున్న అడవివరము, వేపగుంట, పురుషోత్తపురము, చీమలాపల్లి, వెంకటాపురము అను పంచగ్రామములలో భూములపై దేవస్థానమునకును నివాసులకును అనేక వత్సరములుగా వివాదము నడచినది. అచట ఇల్లు కట్టుకొని, కూతురి పెండ్లికి దానిని అమ్మబోయి, రిజిస్ట్రేషను కాక దుఃఖించిన కుటుంబములు పెక్కు. అట్లే గెడ్డ పారుచోట పూడ్చి వేసిన స్థలములును కలవు. వాన వచ్చినప్పుడు గెడ్డ తన దారి తాను వెదకుకొనును. కాగితములను న్యాయవాదికి చూపక బయానా ఇయ్యరాదు. వీలైనచో దస్తావేజున భార్య పేరును చేర్పించుట మంచిది. ఆమె పుస్తె తాకట్టుపెట్టిన సొమ్ముతో కొన్న యింటికి ఆమె యజమానురాలగుట ధర్మమే.

వాడ యంతయు ఒక్క కర్మాగారముపై నాధారపడినప్పుడు దాని భాగ్యమే వాడ భాగ్యమగును. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఉక్కు కర్మాగారపు వాటాలను విక్రయింప నిశ్చయించినప్పుడు గాజువాకలో అంగడివారినుండి అద్దెయిండ్లవారి వరకు అందరును కలవరపడిరి. 2025 జనవరిలో దాని పునరుద్ధరణకు 11,440 కోట్ల రూపాయలు ప్రకటించిరి. ఇంటి వెల నిలుచునా యని విచారించువారు ఈ చరిత్రను మనస్సున నుంచుకొనవలెను.

ఒంటరితనమును గూర్చి పురుషులు తలపరు. పూర్ణా మార్కెట్టు, పుట్టినింటివారు, పురుళ్లు పోసిన డాక్టరమ్మ, ఇన్నిటిని విడిచి క్రొత్త లేఅవుటులో మూడవయింటివారుగా చేరిన యువతికి పగలు మిక్కిలి దీర్ఘముగా తోచును. మేమెరిగిన యొక యింట కోడలు రెండేండ్లలో మూడుమారులు పుట్టినింటికి వచ్చి, "ఎండ పడలేను" అనెడిది. విచారింపగా ఎండకంటె మాటాడు మనిషి లేమియే ఎక్కువ బాధించినదని తేలినది. పక్కవీధిలో నలుగురు చేరి కుట్టుపని మొదలిడిన పిమ్మట ఆమె అచటనే స్థిరపడినది.

కావున మా సలహా యిది. కొనుటకు ముందు మే మాసమున మిట్టమధ్యాహ్నమున పోయి ఆ స్థలమున అరగంట నిలువుడు. శీతకాలపు సాయంకాలమున చూచి మురియవలదు. వీలైనచో ఆరునెలలు అద్దెకుండి చూడుడు. నీటిని పరీక్ష చేయింపుడు. దగ్గరి కర్మాగారములో ఏమి నిలువ చేయుదురు, అపాయసూచన యెట్లు మ్రోగును, ఏ దారిన పోవలెను అని పొరుగువారి నడుగుడు. వేసవిలో నైరుతినుండి, శీతకాలమున ఈశాన్యమునుండి గాలి వీచును గనుక పొగగొట్టము మీ యింటికి ఏ దిక్కున నున్నదో చూచుకొనుడు. కట్టునప్పుడు పడమటి గోడకు కిటికీలు తగ్గించి, ఆవల వేప, గానుగ నాటుడు. డాబాపై తెల్లసున్నము వేయుడు; తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినదన్న, మన పెద్దల సున్నపుపూతకు శాస్త్రము తోడైనదన్నమాట.

నీరు, నీడ, పత్రము, పొరుగు, ఈ నాలుగును సరిగానున్న శివారునకు నిస్సంశయముగా పొండు. ఇరుకుగదుల కంటె అది పిల్లలకు మేలు. నాలుగింట నీరు గాని పత్రము గాని లేనిచో, ఎంత చవుకయైనను మరి రెండేండ్లు అద్దెయింటనే యోపిక పట్టుడు. నీడను మనము పెంచుకొనవచ్చును, పొరుగును కూడబెట్టుకొనవచ్చును. తక్కిన రెండును మన చేతిలో లేనివి. ఈ మాటను మొగమోటము లేక ఇంటిలో చెప్పవలసినది ఇల్లాలే.