పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు కొనాలా, కొత్తది కొనాలా? బెల్‌ఫాస్ట్‌లో ఉన్నవాళ్ళ కోసం

విండ్‌సర్ఫింగ్ ఎపిసోడ్ విన్నాక మనోళ్ళు ఎక్కువగా అడిగింది ఒక్కటే: "పాత బోర్డు చవగ్గా దొరుకుతోంది అన్నా, తీసుకోమంటావా?" కొలతలు చెవితో వింటే గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను చూసే లెక్క ఒక్కటే: గాలి తగ్గినా ఆ బోర్డు మిమ్మల్ని ఒడ్డుకి తేగలదా?

బెల్‌ఫాస్ట్‌లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. బెల్‌ఫాస్ట్ లాఖ్ అంటే ఊరి దాకా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని నోరు ఈశాన్యం వైపు. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. బాంగర్ పక్కన బాలీహోమ్ బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే, ఆ గాలి వీపుకి తగుల్తుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు చెరువులా ఉంటాయి. కొంచెం లోపలికెళ్తే గాలి బలం పెరుగుతుంది, తోసేది సముద్రంలోకే. ఎండాకాలంలో కూడా నీళ్ళు 13, 14 డిగ్రీలే ఉంటాయి.

ముందు పాత డిజైన్ చూద్దాం. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అనే విమాన ఇంజనీరు, హాయిల్ ష్వైట్జర్ అనే వ్యాపారి కలిసి 'విండ్‌సర్ఫర్' తయారుచేశారు. మాస్ట్ అడుగున ఎటైనా వంగే జాయింట్ పెట్టడమే అందులో కిటుకు. చుక్కాని ఉండదు. తెరచాపని ముందుకి వాలిస్తే బోర్డు ముక్కు గాలికి దూరంగా, వెనక్కి వాలిస్తే గాలి వైపు తిరుగుతుంది. బోర్డు పొడవు సుమారు 3.65 మీటర్లు. మధ్యలో నీళ్ళలోకి దిగే పలక ఉంటుంది, దాన్ని డాగర్‌బోర్డ్ అంటారు. గాలి పక్కకి నెట్టకుండా ఆపేది అదే. అది ఉంటే చిన్న గాలిలో కూడా, నెమ్మదిగానైనా, గాలికి ఎదురుగా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ ఒడ్డుకి రావచ్చు.

తర్వాత డిజైన్ ఎటు పోయిందో ఒలింపిక్ బోర్డుల కొలతలు చూస్తే తెలుస్తుంది. 1996 నుంచి 2004 దాకా వాడిన మిస్ట్రల్ పొడవు 3.72 మీటర్లు, వెడల్పు సుమారు 63 సెంటీమీటర్లు. 2008 నుంచి వాడిన ఆర్‌ఎస్:ఎక్స్ పొడవు 2.86 మీటర్లకి తగ్గి, వెడల్పు 93కి పెరిగింది. 2024 పారిస్‌లో వచ్చిన ఐక్యూఫాయిల్ 2.20 మీటర్లే, వెడల్పు మాత్రం 95. అంటే పొడవు పోయి వెడల్పు వచ్చింది.

దీనికి కారణం ఉంది. పొడవాటి సన్నటి బోర్డు నీళ్ళని చీల్చుకుంటూ పోతుంది, చిన్న గాలికే కదుల్తుంది. వెడల్పాటి పొట్టి బోర్డు వేగం అందుకోగానే నీటి మీదకి లేచి జారుతుంది, దీన్నే ప్లేనింగ్ అంటారు. ఫాయిల్ ఇంకో మెట్టు పైన. అడుగున రెక్క నీళ్ళలో ఉంటుంది, బోర్డు మొత్తం గాల్లోకి లేస్తుంది. లేచాక నీటి రాపిడి బాగా తగ్గిపోతుంది. కానీ రెక్క మీటరు దాకా లోతు అడుగుతుంది, నాచు చుట్టుకుంటే ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్ళకి మొదటి బోర్డు అది కాదు.

వెడల్పుతో ఇంకో లాభం నిలకడ. పరంజా మీద ఒక పలక మీద నిలబడటానికీ, రెండు పలకల మీద నిలబడటానికీ తేడా మనకి తెలిసిందేగా. కొత్త రకం నేర్చుకునే బోర్డులు 75 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ వెడల్పు ఉంటాయి, పైన మెత్తటి పొర ఉంటుంది. మోకాళ్ళు చెక్కుకుపోవు.

చవగ్గా కనిపించి ముంచేది మధ్య కాలం బోర్డు. 1980, 90లలో వచ్చిన పొట్టి, సన్నటి బోర్డులకి డాగర్‌బోర్డ్ ఉండదు, వెనక చిన్న ఫిన్ ఒక్కటే ఉంటుంది. వేగం ఉంటేనే ఆ ఫిన్ పట్టు ఇస్తుంది. పైగా లీటర్ల లెక్క చూడండి. ఒక లీటరు ఘనపరిమాణం సుమారు ఒక కిలోని తేలుస్తుంది. మీరు 75 కిలోలు, బోర్డు 8, మాస్టూ తెరచాపా 10, మొత్తం 93. బోర్డు 90 లీటర్లైతే, గాలి ఆగిన క్షణం మీ కాళ్ళ కిందే మునుగుతుంది. దాని మీద నిలబడి తెరచాప పైకి లాగడం కుదరదు. అనుభవం ఉన్నవాళ్ళు నీళ్ళలో పడుకుని గాలి సాయంతో లేస్తారు. గాలే లేకపోతే వాళ్ళకీ కష్టమే.

కాబట్టి నా సలహా ఇది. నేర్చుకోవడానికి 180 లీటర్ల పైన, వెడల్పాటిది, డాగర్‌బోర్డ్ గానీ మధ్య ఫిన్ గానీ ఉన్నది తీసుకోండి. పాత పొడవాటిది దొరికినా పర్లేదు, కానీ కొనేముందు నాలుగు చూడండి:

ఒకటి, బరువు తూచండి. ఆ మోడల్‌కి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంటే లోపలి ఫోమ్ నీళ్ళు పీల్చిందన్నమాట.

రెండు, మాస్ట్ కింది రబ్బరు జాయింట్ వంచి చూడండి. పగుళ్ళుంటే మార్చేయండి. నీళ్ళలో తెగితే తెరచాప ఒక దారి, మీరొక దారి.

మూడు, డాగర్‌బోర్డ్ పూర్తిగా దిగుతుందో లేదో, దిగాక నిలబడుతుందో లేదో చూడండి.

నాలుగు, పాత గుడ్డ తెరచాప సాగిపోయి ఉంటే అది వదిలేసి, మీ బరువుకి తగ్గ చిన్న కొత్త తెరచాప విడిగా కొనుక్కోండి. తేలిగ్గా లేస్తుంది, ఆకారం చెడదు. డబ్బులు పెట్టాల్సిన చోటు అదే.

బోర్డు ఎంత మంచిదైనా గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే రోజు కొత్తవాళ్ళు ఒంటరిగా దిగొద్దు. వెట్‌సూట్, లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఎటెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో రూమ్మేట్‌కి చెప్పి వెళ్ళండి. చిక్కుకుంటే బోర్డు వదిలి ఈదొద్దు, అదే మీ పడవ. ఒడ్డు నుంచి చూసినవాళ్ళు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. ఈ నంబరు మన ఇంట్లో అందరికీ నోటికి రావాలి.